వాష్ బేసిన్ కొళాయి నేనే మార్చుకోవచ్చా? కింద యాంగిల్ కాక్ మూసుకోవడం లేదు

బైరాగిపట్టెడ అబ్బాయి:

అందరికీ నమస్తే. తిరుపతి బైరాగిపట్టెడలో మా అమ్మానాన్నల ఇల్లు, కింద అద్దెకున్నవాళ్ళు, పైన మేము. పైన బాత్రూములో వాష్ బేసిన్ కొళాయి చాలా కాలంగా కారుతోంది. ఒకసారి స్పిండిల్ (పిడి కింద తిరిగి నీళ్ళు మూసే లోపలి భాగం) మార్పించాం, కొన్నాళ్ళు బాగానే ఉంది, మళ్ళీ మొదలైంది. ఇప్పుడు ఎంత గట్టిగా తిప్పినా చుక్కలు ఆగడం లేదు. అమ్మకి వేళ్ళ నొప్పులు, అంత బలంగా తిప్పడం ఆమె వల్ల కాదు, తిప్పకపోతే రాత్రంతా కారుతుంది. అందుకే ఈసారి రిపేరు వద్దు, కొత్తదే వేసేద్దాం అనుకున్నాం.

ప్లంబర్లని అడిగితే ఒక్క కొళాయి కోసం ఎవరూ రావడం లేదు. రేపొస్తాం సార్ అంటారు. వాళ్ళకి పెద్ద పెద్ద బిల్డింగుల పనులు ఉంటాయి కాబట్టి వాళ్ళని అనడానికి లేదు, కానీ మా ఇంట్లో నీళ్ళు మాత్రం పోతూనే ఉన్నాయి. నేను ఇంట్లో చిన్న చిన్న కరెంటు పనులు చేసుకుంటాను, స్పానర్ పట్టడం వచ్చు. నీళ్ళ పని ఎప్పుడూ చేయలేదు.

నాకున్న పెద్ద అనుమానం యాంగిల్ కాక్, అంటే కొళాయికి వెళ్ళే నీళ్ళు ఆపే చిన్న వాల్వు గురించి. బేసిన్ కింద గోడలో ఉన్నది చివరిదాకా తిప్పినా పూర్తిగా మూసుకోదు, సన్నటి ధార వస్తూనే ఉంటుంది. దాన్ని కూడా మార్చాలా, లేకపోతే మిద్దె మీద ట్యాంకు దగ్గర వాల్వు మూసేసి పైన కొళాయి ఒక్కటి మార్చేస్తే సరిపోతుందా? ఇల్లు కట్టి పాతికేళ్ళు దాటింది, లోపల జీఐ, అంటే జింకు పూత ఇనుప పైపులే అని నాన్న అంటారు. మధ్యలో ఒకసారి టైల్స్ మార్చారు, అప్పుడు పైపులు కూడా మార్చారో లేదో ఆయనకి గుర్తు లేదు.

ఇంకొకటి, షాపులో సింగిల్ లివర్ మిక్సర్ చూపించారు. పిడి పైకెత్తితే చాలు నీళ్ళు వస్తాయి, అమ్మకి సులువు కదా అనిపించింది. కానీ మా బేసిన్ దగ్గర చన్నీళ్ళ పాయింటు ఒక్కటే ఉంది, గీజరు అవతలి గోడకి ఉంది. ట్యాంకు సరిగ్గా బాత్రూము నెత్తిన, మిద్దె మీదే, స్టాండు లేదు. ధార అంతంత మాత్రం. ఆ మిక్సర్ మాకు పనికొస్తుందా?

బోరు నీళ్ళు, మునిసిపాలిటీ నీళ్ళు రెండూ ఒకే సంపులో పడతాయి. కొళాయి మూతి చుట్టూ తెల్లగా గడ్డ కట్టేస్తుంది. బేసిన్ తెల్ల పింగాణీది, కింద నట్టు బిగించేటప్పుడు పగులుతుందేమోనని అదొక టెన్షన్. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

తిరుచానూరు రోడ్డు ప్లంబర్:

తమ్ముడూ, కొళాయి సంగతి తర్వాత చూద్దాం. కొళాయి మార్చడం పావుగంట పని, ఎవరైనా చేస్తారు. ఇళ్ళల్లో పని చెడేదంతా గోడ దగ్గరే. నువ్వు యాంగిల్ కాక్ గురించి ముందు అడగడం మంచిదైంది, చాలామంది దాన్ని చూడరు, కొళాయి మెరుస్తూ ఉంటే చాలనుకుంటారు. ట్యాంకు వాల్వు మూసి కొళాయి ఒక్కటే మార్చేయొచ్చు, కాదనను. కానీ రేపు ఆ కొళాయికే ఏదైనా అయితే మళ్ళీ మిద్దె ఎక్కాలి, ఇల్లంతా నీళ్ళు ఆపాలి, కింద అద్దెకున్నవాళ్ళతో సహా. ఆ యాంగిల్ కాక్ ఎందుకు పెట్టారంటే ఇలాంటప్పుడు మూయడానికే, అది మూసుకోకపోతే ఉన్నా లేనట్టే.

ఇప్పుడు గోడలో ఏముందో తెలుసుకోవాలి. నాన్నగారి జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. మిద్దె మీదకెళ్ళి ట్యాంకు నుంచి బాత్రూములోకి దిగే పైపు చూడు. లేత పసుపు, అంటే మీగడ రంగులో ఉంటే సీపీవీసీ, తెల్లగా ఉంటే యూపీవీసీ, బూడిద రంగు ఇనుముదైతే జీఐ. పైన ప్లాస్టిక్ కనపడినంత మాత్రాన లోపల కూడా అదే అనుకోవడానికి లేదు, కొంతమంది బయట మార్చి గోడలోది వదిలేస్తారు. అందుకని యాంగిల్ కాక్ చుట్టూ గోడకి ఆనుకుని ఒక స్టీలు కప్పు ఉంటుంది కదా, ఫ్లాంజ్, దాన్ని ముందుకి జరిపి లోపల మర ఉన్న అంచుకి చిన్న అయస్కాంతం పెట్టి చూడు. పట్టిందంటే జీఐ. పట్టకపోతే ఇత్తడి, అంటే ప్లాస్టిక్ ఎల్బోలో (పైపు మలుపు దగ్గరి ముక్క) ఇత్తడి మర బిగించినది అని అర్థం.

జీఐ అయితే నా మాట విను, ఆ యాంగిల్ కాక్‌ని గోడలోంచి తిప్పొద్దు. పాతికేళ్ళ ఇనుప మర లోపల తుప్పు పట్టి పలచబడి ఉంటుంది, నువ్వు స్పానర్ వేసి లాగితే కాక్ రావచ్చు, మర గోడలోనే విరిగిపోనూ వచ్చు. విరిగితే హాక్సా బ్లేడు ముక్కతో లోపల గాటు పెట్టి చిన్న ఉలితో లోపలికి వంచి తీయాలి, ఎల్బో మర తెగకుండా. అది చేయి తిరిగినవాళ్ళ పని. రాకపోతే టైలు పగలగొట్టాలి.

అలాంటప్పుడు ఏం చేయాలంటే, యాంగిల్ కాక్ బాడీని గోడలోనే ఉంచి దాని స్పిండిల్ ఒక్కటే మార్చాలి. కారేది గోడ జాయింటు కాదు కదా, లోపల మూసే వాషరో డిస్కో అరిగిపోయింది, అంతే. ట్యాంకు వాల్వు మూసి, కింద కొళాయిలన్నీ తెరిచి పైపు ఖాళీ చేసి, పిడి పీకేసి, ఆరు పలకల నట్టు తిప్పితే స్పిండిల్ మొత్తం బయటికొస్తుంది. దీంట్లో మరిచిపోకూడని విషయం ఒకటుంది: ఒక స్పానర్‌తో స్పిండిల్ తిప్పుతుంటే రెండో స్పానర్‌తో బాడీని కదలకుండా పట్టుకోవాలి. ఒక్క స్పానర్‌తో తిప్పితే బాడీ కూడా గోడలో తిరుగుతుంది, అప్పటిదాకా కారని జాయింటు ఆ రోజు నుంచి కారడం మొదలుపెడుతుంది, అది కూడా టైలు వెనకాల, నీకు కనపడకుండా. కింద అద్దెకున్నవాళ్ళ సీలింగు మీద చెమ్మ తేలేదాకా తెలియదు.

స్పిండిల్ కంపెనీకొక సైజు ఉంటుంది, పళ్ళు కూడా వేరే. పాతది చేత్తో పట్టుకుని షాపుకి వెళ్ళు, ఫోటో చూపిస్తే సరిపోదు.

పని మొదలుపెట్టేముందు గీజరు స్విచ్ ఆపేయ్. లైన్లో నీళ్ళు దిగిపోయినప్పుడు గీజరు ఆన్‌లో ఉండకూడదు. మధ్యలో ఎవరో మరిచిపోయి వేస్తారు, స్విచ్ మీద కాగితం అంటించు.

గ్రీమ్స్‌పేట అక్క, చిత్తూరు:

తమ్ముడూ, మా ఇంట్లో రెండు బేసిన్లకీ కొళాయిలు నేనే మార్చాను, కాబట్టి బేసిన్ భాగం గురించి నేను చెప్తాను. గోడ విషయంలో పై అన్న చెప్పింది విను.

కష్టమంతా బేసిన్ కింద చోటు లేకపోవడం. కొళాయి కాడ కింద చెక్ నట్ ఉంటుంది, అది బేసిన్ వెనక గోడకీ గిన్నెకీ మధ్య ఇరుకులో ఉంటుంది, మామూలు స్పానర్ అక్కడ తిరగదు. దీనికి పొడుగాటి కాడ చివర కొక్కెంలాంటి దవడ ఉన్న బేసిన్ స్పానర్ అమ్ముతారు, అడిగి కొనుక్కో, లేదా ఆ సైజు గొట్టం స్పానర్ దొరికితే అదీ పనికొస్తుంది. ఇది లేకుండా మొదలుపెడితే మోచేతులు గీసుకుపోతాయి, నట్టు మాత్రం కదలదు. పాత నట్టు తెల్లటి గడ్డ కట్టి బిగుసుకుని ఉంటే, గుడ్డ ముక్క వెనిగర్‌లో ముంచి చుట్టి రాత్రంతా వదిలేయ్, ఉప్పునీళ్ళ గడ్డ మెత్తబడుతుంది. తుప్పు అయితే వెనిగర్ కన్నా తుప్పు వదిలించే స్ప్రే మేలు.

పని చేసేముందు సింకు కంతలో ఒక గుడ్డ కుక్కు. స్క్రూ ఒకటి అందులో పడిందంటే బేసిన్ కింద నీళ్ళు పోయే దారిలో ఉండే బాటిల్ ట్రాప్ విప్పాల్సిందే. విప్పేముందు కిందనుంచి రెండు మూడు ఫోటోలు తీసిపెట్టుకో, ఏ వాషరు ఏ వరసలో ఉందో తర్వాత తెలుస్తుంది.

పింగాణీ పగులుతుందని భయపడుతున్నావు, ఆ భయం ఉండటమే మంచిది. ఇనుముగానీ ఇత్తడిగానీ నేరుగా పింగాణీకి ఆనకూడదు, అదొక్కటి గుర్తుపెట్టుకో. కొళాయి అడుగున రబ్బరు గ్యాస్కెట్, దాని కింద బేసిన్, బేసిన్ కింద మళ్ళీ రబ్బరు వాషరు, ఆ తర్వాతే నట్టు. కొత్త కొళాయి డబ్బాలో ఇవన్నీ వస్తాయి, రాకపోతే అక్కడే షాపులో అడుగు. నట్టు ముందు చేత్తో ఎంత వస్తే అంత బిగించు, ఆ తర్వాత స్పానర్‌తో కొంచెం, కొళాయి పట్టుకుని ఊపితే కదలకుండా ఉంటే చాలు. ఆ నట్టు పని కొళాయిని నిలబెట్టడం, నీళ్ళు ఆపడం కాదు, కాబట్టి దాని మీద బలం చూపించాల్సిన అవసరమే లేదు. బిగించేటప్పుడు పైన ఎవరినైనా కొళాయి నేరుగా పట్టుకోమను, లేకపోతే మూతి ఒక పక్కకి తిరిగిపోతుంది.

కనెక్షన్ పైపు పాతదే వాడొద్దు. కొళాయి కొత్తది వేసి పాత పైపు వదిలేసేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆ స్టీలు జడ లోపల ఉండేది రబ్బరు గొట్టమే, ఏళ్ళ తర్వాత నట్టు దగ్గర జడ తుప్పు పట్టి తెగుతుంది, తెగేది ఎప్పుడూ ఇంట్లో ఎవరూ లేనప్పుడే అన్నట్టు ఉంటుంది. మా వీధిలో ఒక ఇంట్లో ఊరెళ్ళి వచ్చేసరికి ట్యాంకు మొత్తం హాల్లోకి దిగింది. 18 ఇంచీలా 24 ఇంచీలా అని కొలిచి కొను, లాగినట్టు బిగువుగా ఉండకూడదు, మెలిక పడకూడదు. దాని నట్టులో రబ్బరు వాషరు ఉంటుంది, నీళ్ళు ఆపేది ఆ వాషరే, అక్కడ టెఫ్లాన్ (మరకి చుట్టే పలచటి తెల్ల టేపు) చుట్టొద్దు. చేత్తో బిగించి స్పానర్‌తో పావు చుట్టు, మహా అయితే అర చుట్టు.

కొంగారెడ్డిపల్లె:

ప్రెషర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను రాస్తున్నాను. నీళ్ళ ప్రెషర్ ట్యాంకు ఎన్ని లీటర్లదన్న దాని మీద ఉండదు, ట్యాంకులో నీటి మట్టం కొళాయి కన్నా ఎంత ఎత్తులో ఉందన్న దాని మీద ఉంటుంది. 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్. మీ ట్యాంకు స్టాండు లేకుండా మిద్దె మీదే ఉంది, కొళాయి పై అంతస్తులో నేల నుంచి మూడడుగుల ఎత్తులో ఉంది, అంటే మధ్యలో రెండు, మహా అయితే మూడు మీటర్లు. 0.2 నుంచి 0.3 బార్. కింద అద్దెకున్నవాళ్ళకి ఇంకో మూడు మీటర్లు కలిసొస్తుంది కాబట్టి అదే ట్యాంకు నుంచి వాళ్ళకి ధార బాగా వస్తుంది, మీకు రాదు.

సింగిల్ లివర్ మిక్సర్లలో చాలావాటికి డబ్బా మీదో లోపలి కాగితంలోనో కనీస ప్రెషర్ రాసి ఉంటుంది, 0.5 బార్ అనో 1 బార్ అనో. వాటి లోపల నీళ్ళు తెరిచి మూసే కాట్రిడ్జి దారులు సన్నం, కింద వచ్చే గొట్టాలు కూడా సన్నం. మీ ఇంట్లో అది పెడితే నీళ్ళు రావని కాదు, ముఖం కడుక్కోవడానికి అమ్మ నిలబడి ఎదురు చూడాలి. పైగా వేడినీళ్ళ పాయింటే లేదు. ఒక్క చన్నీళ్ళకి అంత డబ్బు పెట్టి మిక్సర్ ఎందుకు?

అమ్మగారికి కావలసింది మిక్సర్ కాదు, పిడి. క్వార్టర్ టర్న్ పిల్లర్ కాక్ (బేసిన్ మీద నిలబెట్టే మామూలు కొళాయి) తీసుకోండి, పిడి గుండ్రంగా కాకుండా పొడుగ్గా ఉన్నది. పావు చుట్టు తిప్పితే మొత్తం తెరుచుకుంటుంది, బలం అక్కర్లేదు, ఎందుకంటే రబ్బరు వాషరుని అదిమిపెట్టి మూసే రకం కాదు అది, లోపల రెండు సిరామిక్ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. ఆసుపత్రుల్లో డాక్టర్లు మోచేత్తో తిప్పే పొడుగు పిడి కొళాయిలు కూడా దొరుకుతాయి, వేళ్ళ నొప్పులు ఎక్కువగా ఉంటే అవి ఇంకా మేలు. వేలు వాడకుండానే తిప్పొచ్చు.

నీళ్ళ విషయానికొస్తే, మీకు మునిసిపాలిటీ నుంచి వచ్చేవి తెలుగుగంగ నీళ్ళో కళ్యాణి డ్యామ్ నీళ్ళో, అవి కొంచెం నయం. బోరు నీళ్ళలోనే కాల్షియం, మెగ్నీషియం జాస్తి. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మా చిత్తూరులో బోర్లు లోతుకి పోయేకొద్దీ మూతుల దగ్గర తెల్ల గడ్డ పెరుగుతూనే ఉంది. సిరామిక్ బిళ్ళకి ఈ గడ్డ కన్నా ఇసుక పెద్ద శత్రువు, ఒక్క రేణువు మధ్యలో ఇరుక్కుంటే గీత పడుతుంది, ఆ గీత లోంచే కారుతుంది. కాబట్టి కొత్త కొళాయి తగిలించేముందు యాంగిల్ కాక్‌కి బకెట్ పట్టి కాసేపు నీళ్ళు వదలండి, లైన్లో ఉన్న చెత్త పోనివ్వండి. కొళాయి మూతి దగ్గర జాలీ ఉంటుంది, అది విప్పి అప్పుడప్పుడు నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే చాలు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్ మాత్రం కొళాయి దగ్గరికి రానివ్వొద్దు, క్రోమ్ పొర లేచిపోతుంది.

ఇంకో మాట, బోరు నీళ్ళకి పీటీఎంటీ కొళాయిలు కూడా బాగా ఆగుతాయి. ప్లాస్టిక్ అని చిన్నచూపు చూస్తారు గానీ దానికి తుప్పు లేదు, పొర లేచేది లేదు, ధర కూడా తక్కువ.

తిరుచానూరు రోడ్డు ప్లంబర్:

కొంగారెడ్డిపల్లె అన్నా, పీటీఎంటీ పెరట్లో కొళాయికి, మిద్దె మీద కొళాయికి నేనూ వేస్తాను, అక్కడ అదే సరైనది. కానీ రోజుకి పదిమంది తిప్పే బేసిన్ కొళాయికి, అందులోనూ పొడుగు పిడి ఉన్నదానికి ఇత్తడే వేయమంటాను. ఇత్తడి పేరుతో జింకు మిశ్రమం అంటగడతారు కాబట్టి చేతిలో పట్టుకుని బరువు చూడాలి, ఒకే సైజువి రెండు పక్కపక్కన పట్టుకుంటే తేలిపోతుంది. ఐఎస్ఐ గుర్తు, గ్యారంటీ కార్డు ఉన్నది తీసుకుంటే తర్వాత కాట్రిడ్జి అయినా దొరుకుతుంది. పేరులేని కొళాయికి రెండేళ్ళ తర్వాత లోపలి సామాను ఎక్కడా దొరకదు, మొత్తం పారేయాలి.

బైరాగిపట్టెడ అబ్బాయి:

అందరికీ చాలా థాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మిద్దె మీద చూశాను, లేత పసుపు పైపే. ఫ్లాంజ్ జరిపి అయస్కాంతం పెడితే పట్టలేదు, లోపల ఇత్తడే. అంటే టైల్స్ మార్చినప్పుడు పైపులు కూడా మార్చారన్నమాట, నాన్నకి చెప్తే చాలా సంతోషపడ్డారు. స్పిండిల్ విప్పి రెండు మూడు షాపులు తిరిగాను, ఆ సైజు దొరకలేదు, కంపెనీ పేరు చెరిగిపోయింది. ఇప్పుడు ఇత్తడి మరే కాబట్టి యాంగిల్ కాక్ మొత్తం మార్చొచ్చా? టెఫ్లాన్ ఎలా చుట్టాలో చెప్పండన్నా. జనపనార, సఫేదా (మరకి పూసే తెల్ల ముద్ద) పెడితేనే గట్టిగా ఉంటుందని ఇక్కడ ఒక పెద్దాయన అంటున్నారు.

తిరుచానూరు రోడ్డు ప్లంబర్:

మార్చొచ్చు తమ్ముడూ. కానీ ఇత్తడి కదా అని బలం పెట్టొద్దు. సీపీవీసీ ఎల్బోలో ఆ ఇత్తడి మర ప్లాస్టిక్ లోపల పోత పోసి ఉంటుంది, జాస్తి బలం పెడితే ఇత్తడి ఆ ప్లాస్టిక్‌లో తిరిగిపోతుంది, లేకపోతే ఎల్బో చీలుతుంది. అది జరిగితే గోడ తవ్వడమే. పాత కాక్ విప్పేటప్పుడు నిమ్మళంగా, ఒక్కసారి ఝటుక్కున లాగకుండా, బలం కొంచెం కొంచెంగా పెంచుతూ తిప్పు. స్పానర్ కింద గుడ్డ వేసుకో. విప్పాక లోపల మరలో పాత టేపు ముక్కలుంటాయి, సూదితోనో పాత బ్రష్‌తోనో శుభ్రం చేయ్.

నార, సఫేదా ఇనుప పైపుల రోజుల్లోది. పెద్దాయన చెప్పింది ఆ పైపులకి నిజమే, నేనూ అలాగే నేర్చుకున్నాను. సీపీవీసీ దగ్గర అది వద్దు. నార జాస్తి చుడితే లోపలి మరని ఒత్తిపెట్టి పగలగొడుతుంది. సఫేదాలో సీసం ఉండే రకాలు ఉంటాయి, నోట్లోకి పోయే నీళ్ళ దారిలో అది ఎందుకు.

టెఫ్లాన్ చుట్టేటప్పుడు మర నీ వైపు చూస్తున్నట్టు పట్టుకో, గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టు. అటు చుడితేనే బిగించేకొద్దీ టేపు ఇంకా బిగుస్తుంది, ఇటు చుడితే బిగించేకొద్దీ ఊడొస్తుంది. మొదటి మర వదిలేసి రెండో దాని నుంచి మొదలుపెట్టు, టేపు లాగిపెట్టి, మర గీతలు పైకి కనపడేలా. మన షాపుల్లో దొరికే టేపు పలచన కాబట్టి 12 నుంచి 15 చుట్లు పడతాయి, మందం టేపు అయితే అంతకంటే తక్కువ చాలు. ఫ్లాంజ్ ముందే తొడుగు, తర్వాత గుర్తొస్తే మళ్ళీ మొత్తం విప్పాలి.

చేత్తో తిప్పి మర సరిగ్గా కూర్చుందో లేదో చూసుకో, అడ్డంగా ఎక్కితే అక్కడే ఆపేయ్. తర్వాత స్పానర్‌తో. మూతి పైకి చూసేలా ఆపాలి కదా, ఒకవేళ పైకి చూసే చోటు దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయొద్దు. టెఫ్లాన్ జాయింటు ఒక్క పిసరు వెనక్కి తిరిగినా కారుతుంది. మొత్తం విప్పి పాత టేపు పీకేసి ఇంకో రెండు మూడు చుట్లు జాస్తి వేసి మళ్ళీ బిగించు, ఈసారి ముందే బిగుసుకుంటుంది. ఇక్కడే చాలామంది ఓపిక పట్టరు, వెనక్కి తిప్పేసి పైనుంచి ఎం-సీల్ రాస్తారు. మర లోపల కారుతుంటే పైన ఎం-సీల్ ఎన్నాళ్ళు ఆపుతుంది? అది చూడ్డానికి బాగుంటుంది, నీళ్ళు గోడలోకి పోతూ ఉంటాయి.

గ్రీమ్స్‌పేట అక్క, చిత్తూరు:

కింద అద్దెకున్నవాళ్ళకి ముందే చెప్పు తమ్ముడూ, రెండు బిందెలు పట్టుకోమను. ఆదివారం పొద్దున్న పెట్టుకోవద్దు, ఏదైనా సామాను తక్కువ పడితే షాపు తెరిచి ఉండాలి.

బైరాగిపట్టెడ అబ్బాయి:

పని అయింది! యాంగిల్ కాక్, పైపు, కొళాయి మూడూ కొత్తవి. ఇత్తడి క్వార్టర్ టర్న్, పొడుగు పిడిది తీసుకున్నాం. బకెట్‌లోకి నీళ్ళు వదిలితే నిజంగానే ఎర్రటి ఇసుక వచ్చింది, అది చూశాక మీరందరూ ఎందుకంత గట్టిగా చెప్పారో అర్థమైంది. అమ్మ చేత్తో తిప్పి చూసింది, మణికట్టుతో తోస్తే తిరిగిపోతోంది.

గోడ జాయింటు పొడిగా ఉంది. కానీ కనెక్షన్ పైపు కింది నట్టు దగ్గర, అంటే యాంగిల్ కాక్ మీద కూర్చునే చోట, చాలాసేపటికి ఒక బొట్టు తేలుతోంది. కింద న్యూస్ పేపరు పరిచాను, రూపాయి బిళ్ళంత మరక పడింది. ఇంకొంచెం బిగించమంటారా, టెఫ్లాన్ చుట్టమంటారా?

తిరుచానూరు రోడ్డు ప్లంబర్:

రెండూ వద్దు. యాంగిల్ కాక్ మూసెయ్, ఇప్పుడు అది మూసుకుంటుంది కదా, మిద్దె ఎక్కే పని లేదు. నట్టు విప్పి లోపల రబ్బరు వాషరు చూడు. నూటికి తొంభైసార్లు అది ఒక పక్కకి జరిగి ఉంటుంది, లేదా మడత పడి ఉంటుంది. మడత పడినదాన్ని ఎంత బిగించినా మడత తెగుతుందే గానీ నీళ్ళు ఆగవు. తీసి, బల్లపరుపుగా కూర్చోబెట్టి, చేత్తో పూర్తిగా బిగించి, పావు చుట్టు స్పానర్. వాషరు మీద గాటు పడి ఉంటే కొత్తది వేయ్, రెండు మూడు రూపాయల సామాను అది. ఆ తర్వాత పొడి టిష్యూ కాగితం నట్టు చుట్టూ చుట్టి రాత్రంతా వదిలేయ్, చెమ్మ కళ్ళకి కనపడకపోయినా కాగితానికి తెలుస్తుంది.

బైరాగిపట్టెడ అబ్బాయి:

మీరు చెప్పినట్టే వాషరు మడత పడి ఉంది అన్నా. సరిచేసి బిగించాను. పొద్దున్న చూస్తే టిష్యూ పొడిగానే ఉంది.

ఇక ఒక్క ప్రశ్న. చలికాలంలో అమ్మకి బేసిన్ దగ్గర వేడినీళ్ళు కావాలంటే గోడ తవ్వకుండా ఏదైనా దారి ఉందా? గీజరు అవతలి గోడకి, మధ్యలో తలుపు ఉంది.

కొంగారెడ్డిపల్లె:

మధ్యలో తలుపు అడ్డం వస్తుంది కాబట్టి పైపు పైనుంచే తేవాలి. గీజరు వేడినీళ్ళ లైన్‌కి ఒక టీ (మూడు మూతుల జాయింటు) వేసి, సీలింగు కింద నుంచి సీపీవీసీ పైపు క్లాంపులతో తెచ్చి బేసిన్ పక్కన దించొచ్చు, గోడ బయటే. సీపీవీసీ వేడినీళ్ళకి ఆగుతుంది, యూపీవీసీ ఆగదు, అది మాత్రం కలపొద్దు. కానీ అంత దూరం పైపులో చల్లబడి ఉన్న నీళ్ళన్నీ ముందు పోవాలి, ఆ తర్వాతే వేడివి వస్తాయి, ప్రెషర్ తక్కువ కాబట్టి ఇంకా ఆలస్యం. దానికన్నా బేసిన్ పక్కనే 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు పెట్టుకోవడం నయం అని నా అభిప్రాయం. దానికి ఎర్తింగు ఉన్న 16 ఆంప్స్ ప్లగ్ పాయింటు కావాలి, బేసిన్ నీళ్ళు చిమ్మని చోట. కరెంటు పనులు చేసుకుంటానన్నారు గానీ బాత్రూములో కొత్త పాయింటు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే వేయించండి. ఒక విషయం, చన్నీళ్ళకి ఇప్పుడున్న యాంగిల్ కాక్ పక్కనే గీజరుకి కూడా నీళ్ళు కావాలి, టూ ఇన్ వన్ యాంగిల్ కాక్ అని రెండు మూతులది దొరుకుతుంది, అది వేస్తే గోడలో రెండో పాయింటు అక్కర్లేదు.

తిరుచానూరు రోడ్డు ప్లంబర్:

టూ ఇన్ వన్ వేస్తే రెండు మూతులకీ వేరు వేరు పిడి ఉన్నది తీసుకో తమ్ముడూ. ఒకే పిడి ఉన్నదైతే గీజరు విప్పాల్సి వచ్చినప్పుడు బేసిన్ కూడా ఆగిపోతుంది. చలికాలం దాకా ఆగి అప్పుడు చూసుకో, ఇప్పుడు కొత్తగా కూర్చున్న గోడ జాయింటుని ఊరికే కదిలించొద్దు.